రెండు బళ్లకూ రెండో స్థానం

గెడ్డపాలెంలో రెండు సర్కారు హైస్కూళ్లున్నాయి. అది మా అదృష్టమని చాలాకాలం అనుకున్నాం. అదొక లోపమనీ, దాన్ని సరిదిద్దడానికి ప్రత్యేకంగా ఒక విభాగమే అవసరమనీ మాకు తట్టలేదు.

గెడ్డపాలెం ఇప్పుడు పల్లె కాదు, పట్నమూ కాదు. నగరం పెరుగుతూ పెరుగుతూ మా దాకా వచ్చి ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. ఒక సందులో గేదెలు, పక్క సందులో లిఫ్టులున్న ఇళ్లు, మధ్యలోంచి ఆరు వరసల హైవే. హైవే రాకముందు ఊరంతా ఒకటే. వచ్చాక అటుది తూర్పు గెడ్డపాలెం, ఇటుది పడమర గెడ్డపాలెం అయ్యాయి. అటొక హైస్కూలు, ఇటొక హైస్కూలు. నేను పడమర బడిలో డ్రిల్లు మాస్టర్ని. పేరు సన్యాసిరావు. ఆ పేరుతో పిలిచేది మా హెడ్‌మిస్ట్రెస్ మృణాళిని గారొక్కరే. ఊరికి నేను ఉత్త డ్రిల్లు మాస్టార్నే.

మా బడికి పెద్ద ఆటస్థలం ఉంది, వేపచెట్లున్నాయి, నేనున్నాను. లెక్కల మాస్టారు మాత్రం లేరు. ఆ పోస్టు ఖాళీ అయి ఎన్నాళ్లయిందో పిల్లల చేత లెక్క కట్టిద్దామన్నా, ఆ లెక్క నేర్పేవాళ్లు లేరు. తూర్పు బడికి మంచి లైబ్రరీ ఉంది, లెక్కల మాస్టారున్నారు. ఆటస్థలం లేదు, డ్రిల్లు మాస్టారు లేరు. అందుకని తూర్పు బడి హెడ్‌మాస్టరు పరంజ్యోతి గారూ మా హెడ్‌మిస్ట్రెస్ గారూ ఏనాడో ఒక ఒప్పందానికి వచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం నేను స్కూటరు మీద వాలీబాళ్లూ రింగులూ వేసుకుని అటు వెళ్లి, ఉన్న కాస్త జాగాలోనే అక్కడి పిల్లల్ని ఆడించేవాణ్ణి. వచ్చేటప్పుడు ముందు ఒక సంచీడు పుస్తకాలు, వెనక సీటు మీద లెక్కల మాస్టారు.

ఇక్కణ్ణుంచి బంతి గట్టిగా తంతే ఆ బడి గోడ దాటి పడుతుంది. కాని మధ్యలో డివైడరుంది. బండి మీద వెళ్లాలంటే ఫ్లైఓవరు కిందిదాకా పోయి యూ టర్న్ తీసుకుని రావాలి. నడిచి వెళ్లాలంటే దేవుణ్ణి తలుచుకుని పరిగెత్తాలి. రొయ్యల కంపెనీలో పనిచేసే ఆడవాళ్లు రోజూ అలాగే పరిగెడతారు. కాలినడక వంతెన కట్టమని ఊరు ఊరంతా ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే ఉంది. పరిశీలనలో ఉన్నదని జవాబు వస్తూనే ఉంది.

ఇలా దొరికినదాంతో సర్దుకుపోతూ మేము బతుకుతుండగా, ఎక్కడో ఒక శిక్షణ శిబిరంలో ఎవరో పెద్దాయన పోలికే ప్రగతి అన్నాడట. ఆ మాట అక్కడ కూర్చున్నవాళ్లందరికీ తెగ నచ్చేసింది. వాళ్లు ఇళ్లకు చేరేలోపే తులనాత్మక ప్రగతి విభాగం పుట్టింది. దానికి ప్రత్యేకాధికారి సర్వోత్తమరావు గారు. ఆయన చొక్కా ఇస్త్రీ మడతా, ఆయన మాటా ఏ ఎండలోనూ నలగవు.

విభాగం ఉత్తర్వు సూటిగానే ఉంది. ఒకే ఆవాస ప్రాంతంలో కాకి ఎగురు దూరమున కిలోమీటరు లోపల రెండు ఉన్నత పాఠశాలలున్నచో వాటిని శాస్త్రీయముగా పోల్చవలెను. అవతలి పాఠశాలను అధిగమించినది ప్రథమ స్థానము, అధిగమించలేనిది ద్వితీయ స్థానము పొందును. ద్వితీయ స్థానము పొందిన పాఠశాలను అవతలి పాఠశాలలో విలీనము చేయవలెను. అంతే. మా పిల్లలు కాకులు కారన్న సంగతి ఆ ఉత్తర్వు రాసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ కబురు ఊళ్లో పొక్కిన మర్నాడే అచ్చియ్యమ్మ మా బడికి వచ్చింది. ఆమె రొయ్యల కంపెనీలో తలలు గిల్లే పని చేస్తుంది. కూతురు హైమ మా దగ్గర ఎనిమిదో తరగతి. ఖోఖోలో ఆ పిల్ల స్తంభం తిరిగిందంటే పట్టుకునేవాళ్లు జిల్లాలో లేరు. తండ్రి రెండేళ్ల కిందట సైకిలు మీద హైవే దాటుతుంటే కంటైనరు కొట్టింది. కాల్లో రాడ్లు వేశారు. అప్పట్నుంచి అరుగు మీదే ఉంటున్నాడు. అచ్చియ్యమ్మ హెడ్‌మిస్ట్రెస్ గారి గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడింది.

“అమ్మగోరూ, మన బడి రెండోదొచ్చేత్తే తీసేత్తారంట గదా. మా గుంట ఆ రోడ్డు దాటీసి ఎల్లాలంట. నానైతే పంపను.”

నువ్వు రోజూ దాటుతూనే ఉన్నావు కదా అని నేను నోరు జారాను. ఆమె నా వంక తిరిగింది.

“నాను కూటికోసం దాటుతన్నాను మేస్టారూ. తప్పదు. సదువు కోసమైతే దాటించను. ఆల అయ్య కాలు ఇచ్చీసినాం ఆ రోడ్డుకి. ఇంక ఇయ్యడానికేటీ లేదు. ఇంటికాడ కూకోబెట్టేత్తాను.”

మృణాళిని గారు మన బడి పోదులే అచ్చియ్యమ్మా అన్నారు. ఆవిడ అబద్ధం ఆడగా నేనెన్నడూ వినలేదు. అందుకే ఆ మాట అనేశాక ఆవిడ ముఖంలో కంగారు నాకు స్పష్టంగా కనిపించింది. ఒక్క హైమ కాదు. ఆ పేటలో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ పూట అదే మాట నడుస్తోంది.

సర్వోత్తమరావు గారు మొదటిసారి వచ్చినప్పుడు కారు దిగి నేరుగా లోపలికి రాలేదు. గేటు మీది బోర్డు ముందు నిలబడిపోయారు. వాన నీళ్లకు అక్షరాలు కారిపోయి, ‘పడమర’ అన్నచోట ఒట్టి ‘మర’ మిగిలింది. ఆయన ఫోను తీసి ఫొటో కొట్టారు. బాగా రాలేదని మళ్లీ కొట్టారు. మృణాళిని గారు ఆయన్ని లోపలికి తీసుకువెళ్లి తొమ్మిదో తరగతి గదిలో పెచ్చులూడిన స్లాబు చూపించాలని చూశారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“అమ్మా, భవనములు కూలును. ఉపాధ్యాయులు బదిలీ అగుదురు. విద్యార్థులు ఉత్తీర్ణులై పోవుదురు. నామఫలకము నిలుచును. శాఖ దృష్టిలో పాఠశాల అనగా నామఫలకమే.”

ఫలకాలు అసమానంగా ఉంటే మొదటి మెట్టులోనే పోలిక దెబ్బతింటుందని, వారం తిరక్కుండా రెండు బళ్లకూ రెండు కొత్త ఇనప బోర్డులు పంపించారు. ఒకే కొలత, ఒకే నీలం రంగు, నాలుగు మూలలా నాలుగు బోల్టులు. మా సర్వీసులో అడక్కుండా వచ్చిన గ్రాంటు అదొక్కటే. నేను స్వయంగా నిచ్చెనెక్కి బిగించాను.

తర్వాత పోలిక మొదలైంది. మా ఆటస్థలం చూసి సర్వోత్తమరావు గారు ముచ్చటపడ్డారు. చుట్టూ ఒకసారి నడిచి, ఇటువంటిది తూర్పు పాఠశాలలో ఉన్నదా అని అడిగారు. లేదన్నాం. ఆయన ముఖం వాడిపోయింది.

“అట్లయిన దీనిని దేనితో పోల్చవలెను? పోల్చుటకు జత లేని వస్తువు పోలికను చెడగొట్టును.”

అటు వాళ్లకూ ఒక ఆటస్థలం ఇప్పించండి, జత కుదురుతుంది అన్నారు మృణాళిని గారు. సమకూర్చుటకు పద్దు లేదనీ, తటస్థీకరించుటకు ఉన్నదనీ ఆయన చెప్పారు. తటస్థీకరణ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. అంటే ఏమిటో సాయంత్రానికి తెలిసింది. పడమర పాఠశాల ఆటస్థలము తటస్థీకరించబడినది అని కాగితం అంటించి గేటుకు తాళం వేసి వెళ్లారు. మా పిల్లలు తాళం ఇవతల నిలబడి తమ ఆటస్థలాన్ని చూసుకున్నారు. మేకలు మాత్రం మామూలుగానే గోడ సందులోంచి దూరి మేశాయి. మేకలకు పోలిక లేదు కాబట్టి.

అటు తూర్పు బడిలో లైబ్రరీకి తాళం పడింది. మా దగ్గర పిల్లలు వేపచెట్ల కింద అన్నం తింటారు, అటు వరండాలో తింటారు. కనుక మా పిల్లలు కూడా వరండాలోకి వచ్చారు. అటు గదుల్లో ఫ్యాన్లు తిరగవు. కనుక మా ఫ్యాన్లూ ఆగాయి. వాళ్ల మంచినీళ్ల కుళాయి కారుతుందని మా కుళాయిని కూడా కాస్త కారేలా ఒదులు చెయ్యమన్నారు. ఇది మాత్రం శ్రమ లేకుండా జరిగింది, మాది ముందునుంచే కారుతోంది.

భోజనం దగ్గర చిక్కొచ్చింది. రెండు బళ్ల చారూ రెండు గ్లాసుల్లో పోయించుకుని సర్వోత్తమరావు గారు మార్చి మార్చి రుచి చూశారు. మా వంటావిడ చారు కొంచెం ముందుందని తేల్చి, దానిని అవతలి స్థాయికి దించవలెనని ఆదేశించారు. ఆవిడ రెండు రోజులు ప్రయత్నించింది. పోపు మానేసింది, చింతపండు తగ్గించింది. మూడో రోజు వచ్చి, పాడు సెయ్యమంటే నా సేతికి రాటం లేదండీ, పిల్లలు తింతారని గేపకమొత్తే మెంతులు పడిపోతన్నాయి అని కళ్లు తుడుచుకుంది. చివరికి చారు రెండు చోట్లా మానేశారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

వస్తువులయ్యాక మనుషుల వంతు. తూర్పు బడిలో లెక్కల మాస్టారున్నారు, మాకు లేరు. ఆయన్ని తీసెయ్యడానికి ఉద్యోగ భద్రత అడ్డొచ్చింది. అందుకని ఆయన ఉనికి కొనసాగుననీ, బోధన మాత్రమే తటస్థీకరించబడుననీ రాసిచ్చారు. ఆయన రోజూ తరగతికి వెళ్లి, బోర్డు వైపు చూస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఒకరోజు ఎవరో పిల్ల వర్గమూలం ఎలా కట్టాలని అడిగితే ఆయన పెదవులు కదిలాయట. విభాగం కాపలా పెట్టిన పరిశీలకుడు అదీ రాసుకున్నాడు.

అటు డ్రిల్లు మాస్టారు లేరు కనుక నన్నూ తటస్థీకరించారు. నా విజిల్ తీసుకుని, గుడ్డ కవర్లో పెట్టి, లక్క కరిగించి సీలు వేశారు. సాక్షి సంతకం నాచేతే పెట్టించారు. ఇన్నేళ్ల నౌకరీలో నన్నూ నా పనినీ ఒకళ్లు ఇంత సీరియస్‌గా తీసుకోవడం అదే మొదలు. శుక్రవారం స్కూటరు ఒప్పందాన్ని పోలికలో కల్తీగా గుర్తించి, నేను యూ టర్న్ తీసుకోవడం నిషేధించారు.

ఇక పిల్లలు. మా బడిలో కొంచెం ఎక్కువ మంది ఉన్నారు, అటు కొంచెం తక్కువ. సమాన సంఖ్య లేనిదే సమాన పోలిక లేదు కాబట్టి, చీట్లు తీసి మా ఎక్కువను వరండాలో కూర్చోబెట్టారు. వాళ్లకు నిరీక్షణ విద్యార్థులు అని పేరు. ఆ చీట్లలో హైమ పేరు వచ్చింది. ఆ పిల్ల ఊరికే కూర్చునే రకం కాదు. కిటికీ కిందకి జరిగి పాఠం వింటూ, లోపలివాళ్లకు రాని జవాబు బయటినుంచి చెప్పేసేది. బాహ్య స్వరము వలన అంతర్గత సగటు పెరుగుచున్నదని కిటికీ మూయించారు. ఆ రోజు నేను మాత్రం ఇంటికి వెళ్లి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ఊరికి ఇదంతా వినోదంగానే ఉంది. మంగలి షాపులో తూర్పు వాళ్లూ పడమర వాళ్లూ గొడవలు పడ్డారు. ఒకాయన తన ఇద్దరల్లుళ్లనీ పోల్చి, రెండోస్థానం వచ్చిన అల్లుణ్ణి పండక్కి పిలవనన్నాడు. ఎవరికి వారు తమ బడే గెలవాలని మొక్కుకున్నారు. గెలిచిన బడిలో కూడా చారూ ఆటా పుస్తకాలూ ఉండవన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. అచ్చియ్యమ్మ మాత్రం రోజూ షిఫ్టుకు పోతూ మా బడి గేటు దగ్గర ఒక నిమిషం ఆగేది. ఏటైందని అడిగేది కాదు. బోర్డు ఉందా లేదా అని చూసుకుని పోయేది.

ఆఖరికి పరీక్ష పెట్టారు. లెక్కలు రెండు చోట్లా చెప్పలేదు. పుస్తకాలు రెండు చోట్లా తియ్యలేదు. ఆటలు లేక, చారు లేక, గాలి లేక రెండు బళ్ల పిల్లలూ ఒకే తీరున వాడిపోయారు. మార్కులు కూడా ఒకేలా వచ్చాయి. దొందూ దొందే. ఫలితం చదువుతుంటే సర్వోత్తమరావు గారి గొంతు గద్గదమైంది. ఇంతటి సంపూర్ణ సమానత తాను ఏ జిల్లాలోనూ సాధించలేదన్నారు.

మృణాళిని గారు, పరంజ్యోతి గారు, నేను ఎదురుగా కూర్చున్నాం. సమానం కదా, అయితే రెండూ ఉంటాయి కదండీ అని పరంజ్యోతి గారు ఆశగా అడిగారు. సర్వోత్తమరావు గారు కళ్లద్దాలు పెట్టుకుని ఉత్తర్వు తీశారు.

“పడమర పాఠశాల తూర్పు పాఠశాలను అధిగమించినదా? లేదు. తూర్పు పాఠశాల పడమర పాఠశాలను అధిగమించినదా? లేదు. కనుక రెండు పాఠశాలలకూ ద్వితీయ స్థానము. ప్రథమ స్థానము ఖాళీగా ఉన్నది. త్వరలో భర్తీ చేయబడును.”

రెండోస్థానం వచ్చిన బడిని అవతలి బడిలో కలపాలి కదా అని మృణాళిని గారు నెమ్మదిగా అన్నారు.

“కలుపుదుము,” అన్నారాయన. “పడమర పాఠశాల విద్యార్థులూ ఉపాధ్యాయులూ తూర్పు పాఠశాలలో చేరవలెను. తూర్పు పాఠశాలవారు పడమర పాఠశాలలో చేరవలెను. సోమవారము నుండి అమలు.”

నేను నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వడం లేదు. సోమవారం పొద్దున్న ఆ పిల్లలంతా ఇటు, ఈ పిల్లలంతా అటు, ఆ ఆరు వరసల మధ్యలో ఒకళ్లకొకళ్లు ఎదురుపడుతూ పరిగెత్తడం నా కళ్లముందు కనిపించింది. కబడ్డీలో కూడా రెండు జట్లూ ఒకేసారి కూతకు పోవు.

శనివారం మధ్యాహ్నం పరంజ్యోతి గారు మా బడికి వచ్చారు. ఆఫీసు గదిలో ముగ్గురం ఆ ఉత్తర్వు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన ధర్నా చేద్దామన్నారు. నేను ఆ కారు టైర్లలో గాలి తీసేద్దామన్నాను. మృణాళిని గారు చదివిందే మళ్లీ చదువుతున్నారు. ఇంతలో అచ్చియ్యమ్మ హైమని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పుస్తకాల సంచీ తల్లి చేతిలో ఉంది.

“సర్కారోళ్ల పుస్తకాలు ఇచ్చీడానికొచ్చినాం అమ్మగోరూ,” అంది. “సోమారం నుంచి దీన్ని మా కంపినీకే తీసికెళ్తాను. పద్దెనిమిదేళ్లని సెప్పేత్తే పెట్టుకుంతారు.”

హైమ తలెత్తలేదు. ఖోఖోలో ఆ పిల్లని కూర్చోబెట్టడానికే నాకు గొంతు పోయేది. అలాంటిది గోడకానుకుని, కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది.

మృణాళిని గారు సంచీ అందుకోలేదు. చూపు ఇంకా కాగితం మీదే ఉంది. కాసేపటికి తలెత్తి నన్ను అడిగారు.

“సన్యాసిరావు గారూ, పిల్లలు రోడ్డు దాటాలని ఇందులో ఎక్కడైనా ఉందా?”

లేదండీ, తూర్పు బడిలో చేరాలని ఉంది అన్నాను.

“తూర్పు బడి అంటే ఏమిటి?”

నాకు అర్థం కాలేదు. పరంజ్యోతి గారికి ముందు వెలిగింది. నామఫలకము అన్నారు, అచ్చం సర్వోత్తమరావు గారి గొంతుతో. మృణాళిని గారు కాగితం మడిచి డ్రాయరులో పెట్టారు.

“మరింకేం. ఇంతమంది పిల్లల్ని అటు పంపడం దేనికి? తూర్పు బడినే ఇటు తెచ్చేసుకుందాం. ఆ సంచీ ఇంటికి తీసుకుపో అచ్చియ్యమ్మా. సోమవారం పిల్లని మామూలుగా పంపు. ఇటే.”

ఆదివారం ఉదయం పరంజ్యోతి గారు అటు, నేను ఇటు నిచ్చెనలెక్కాం. నాలుగేసి బోల్టులు. శాఖ దయవల్ల రెండు బోర్డులూ ఒకే కొలత కాబట్టి కన్నాలు సరిగ్గా కుదిరాయి. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడి, ఫ్లైఓవరు కింద యూ టర్న్ తీసుకుని, పడమర బడిని తూర్పుకీ తూర్పు బడిని పడమరకీ చేర్చేశాను. నిషేధం నా స్కూటరుకే కాని ఆటోకు కాదు. మధ్యాహ్నం భోజనం వేళకు పని అయిపోయింది.

సోమవారం సర్వోత్తమరావు గారు వచ్చారు. కారు నల్లద్దాల వెనక కూర్చుని వచ్చే మనిషికి తూర్పేదో పడమరేదో తెలిసే వీల్లేదు. దిగగానే బోర్డు చూశారు. తూర్పు గెడ్డపాలెం ఉన్నత పాఠశాల. ఫొటో కొట్టారు. లోపలికొచ్చి, వరండాలో ముందు వరసలో కూర్చున్న హైమని మీరు ఏ పాఠశాల నుండి వచ్చితిరి అని అడిగారు. పడమర బడినుంచి తూర్పు బడికి వచ్చినామండి అని ఆ పిల్ల గట్టిగా చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, ఉత్తర్వులో ఉన్నదే ఉంది. ఆయన తృప్తిగా తలాడించి, వరండాలో నాలుగడుగులు వేసి ఆగారు.

“ఈ వేపచెట్లు ఎచ్చటనో చూచినట్లున్నది.”

వేపచెట్లు ఎక్కడైనా ఒకేలా ఉంటాయండి అన్నారు మృణాళిని గారు. సమానత అని ఆయన మురిసిపోయారు. ఆ మురిపెంలో ఉండగానే ఆవిడ ఆటస్థలం గేటు దగ్గరికి తీసుకెళ్లారు. తాళం చూపించారు. కాగితం చదివి వినిపించారు. పడమర పాఠశాల ఆటస్థలము తటస్థీకరించబడినది.

“ఇది తూర్పు పాఠశాల కదండీ. తూర్పు పాఠశాలకు ఆటస్థలం లేదని మీ నివేదికలోనే ఉంది. మరి ఈ తాళం దేనికి వేసినట్టు?”

సర్వోత్తమరావు గారు నివేదిక తెప్పించుకుని చూశారు. గేటు వంక చూశారు. మళ్లీ నివేదిక వంక చూశారు. ఆ రెండింటిలో దేన్ని నమ్మాలన్న సందేహం ఆయనకు ఒక్క క్షణం కూడా కలగలేదు.

“లేని మైదానమునకు తాళమా? ఇది ప్రభుత్వ తాళము దుర్వినియోగము. వెంటనే తొలగించవలెను.”

తొలగించాం. తటస్థీకరించింది పడమర బడి డ్రిల్లు మాస్టర్ని, నేనిప్పుడు తూర్పు బడి మనిషిని. కాబట్టి నా విజిల్ సీలు కూడా ఊడింది. అటు లెక్కల మాస్టారు నోరు తెరిచారు, లైబ్రరీ తలుపులు తెరుచుకున్నాయి. నిరీక్షణ విద్యార్థులు లోపలికెళ్లారు. పోలిక ముగిసింది కనుక కల్తీ భయం లేదని నేను శుక్రవారం మళ్లీ యూ టర్న్ తీసుకున్నాను. చారు మొదటిరోజు ఉప్పు ఎక్కువైంది. వంటావిడ ఏడుస్తూ చేసిందట, ఈసారి సంతోషంతో.

పోయేముందు సర్వోత్తమరావు గారు విలీనం వల్ల రెండు బళ్లూ ఒక్క రోజులో ఎలా కళకళలాడిపోయాయో నివేదిక రాసుకున్నారు. ఆయనకు బిరుదు లాంటిదేదో ఇచ్చారు. గెడ్డపాలెం నమూనా అని పేరు పెట్టి, ఇంకా చాలా ఊళ్లలో ఆసుపత్రులనీ పశువుల ఆసుపత్రులనీ పోల్చడానికి బయలుదేరారని విన్నాం. ఆయన మేలే కోరాం. మా పిల్లలు మా ముంగిట్లో ఉన్నారు, అంతకన్నా మాకేం కావాలి అనుకున్నాం.

అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి ఏడాది వేసవిలో, కాలినడక వంతెన కోసం ఊరు పెట్టుకున్న అర్జీకి జవాబు వచ్చింది. ఈసారి పరిశీలనలో ఉన్నదని లేదు. మృణాళిని గారు అందరినీ పిలిచి చదివారు. అచ్చియ్యమ్మ కూడా షిఫ్టు దిగి అక్కడే ఉంది. గెడ్డపాలెంలోని రెండు ఉన్నత పాఠశాలల విద్యార్థులందరూ విలీనానంతరము ప్రతి దినము రెండు పర్యాయములు రహదారిని దాటుచున్నను, సంవత్సర కాలములో ఒక్క ప్రమాదము కూడా నమోదు కాలేదని తులనాత్మక ప్రగతి విభాగము ధ్రువీకరించినది. కనుక వంతెన అనవసరమని తేలినది.

బోర్డులు మార్చింది మేమే, దాటని పిల్లల్ని దాటినట్టు చూపించింది మేమే. ఇప్పుడు నిజం చెబితే పిల్లలు దాటాలి, చెప్పకపోతే వంతెన లేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీద మండాలో తెలియలేదు.

అచ్చియ్యమ్మే ముందు నోరు విప్పింది.

“పోనియ్యండమ్మా. గుంట ఇటే ఉంది. నాకది సాలు. నానంటే ఎలాగో పరిగెడతాను.”

ఆ మాట నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. ఇప్పుడు పొద్దున్న కంపెనీ షిఫ్టు వేళకు నేను హైవే పక్కన నిలబడుతున్నాను. పిల్లల్ని ఆడించే విజిలే. గట్టిగా ఊది, రెండు చేతులూ చాపి రోడ్డు మీదికి దిగితే లారీలైనా ఆగుతాయి, తిట్టుకుంటూ ఆగుతాయి. అచ్చియ్యమ్మా మిగతావాళ్లూ నడిచి దాటుతారు. పరిగెత్తొద్దని ముందే చెప్పాను.

మొన్న అలా ఆగిన బళ్లలో నల్లద్దాల కారొకటి ఉంది. అద్దం దిగింది. సర్వోత్తమరావు గారు ఇస్త్రీ చొక్కాలో వెనక్కి వాలి కూర్చున్నారు. ఎవరు వీళ్లు, ఇంతమంది రోడ్డుకడ్డంగా ఎందుకు పోతున్నారని అడిగారు.

“వంతెన అనవసరమని తేలినవాళ్లండి,” అన్నాను.

అని, ఆఖరావిడ డివైడరు దాటేదాకా విజిల్ మళ్లీ నోట్లో పెట్టుకుని ఊదుతూనే ఉన్నాను.